పడవ గవరమ్మ మూతబుట్ట

ఊఁ కొట్టండి. ఊఁ కొట్టేవాళ్ళు లేకపోతే నా నోట కథ రాదు. కొట్టారా? సరే, వినండి.

ఏటి మీద వంతెన లేనప్పుడు, వంతెన అన్న మాటే ఎవరి నోటా లేనప్పుడు, మీ తాతల తాతలు మొలతాడుతో మట్టిలో ఆడుకుంటున్నప్పుడు, ఏటికి ఈ ఒడ్డున మొగలిరేవు అని ఒక ఊరు ఉండేది. ఆ ఒడ్డున దబ్బపాడు అని ఇంకో ఊరు. నడుమ ఏరు. ఏటి మీద ఒకటే పడవ. ఆ పడవకి గెడ వేసే మనిషి గవరమ్మ.

గవరమ్మకి మొగుడు లేడు, పిల్లలు లేరు, అన్నదమ్ములు లేరు. ఈ ఒడ్డున ఇసకలో తాటాకు పాక ఒకటి, అంతే. పొద్దున్నే ఈ ఒడ్డు వాళ్ళని ఆ ఒడ్డుకి చేర్చేది, పొద్దుగూకే వేళకి ఆ ఒడ్డు వాళ్ళని ఈ ఒడ్డుకి చేర్చేది. నీకేం కావాలే గవరమ్మా అని ఎవరైనా అడిగితే ఎప్పుడూ ఒకటే జవాబు.

"మిమ్మల్నందర్నీ నేను మోశాను. నేను పోయినప్పుడు నన్ను నలుగురు మొయ్యండి. ఇంకేం వద్దు."

అందరూ నవ్వేవారు. అలాగేలే అనేవారు. అనడానికేం, నోటికి తిరగలి కట్టారా?

ఇప్పుడు పిల్లుల సంగతి చెప్పాలి. దివాణాల్లో పెంచుకునే బొచ్చుపిల్లులు కావు నేను చెప్పేది. వాటిని ఎవరు పారేస్తారు? మన పిల్లులు. పొట్టిబొచ్చువి, చువ్వలాంటి తోకవి, పిలవకపోయినా పొయ్యి పక్కకొచ్చి పడుకునేవి. ఆ రోజుల్లో ఈ రెండూళ్ళలోనూ పిల్లి ఇంటికి బరువైతే ఒక పద్ధతి ఉండేది. పాలు తాగేసిందనుకోండి, బరువు. ఎదురొచ్చిందనుకోండి, బరువు. ఈతకి అయిదేసి పిల్లల్ని పెట్టిందనుకోండి, ఇంకా బరువు. చంపుదామంటే భయం. పిల్లిని చంపితే బంగారంతో పిల్లిని చేయించి దానమివ్వాలంటారు కదా, ఆ బంగారం ఎవడి దగ్గరుంది? అందుకని పిల్లిని గోతాంలో వేసి, మూతి బిగించి కట్టి, రేవుకి తెచ్చి గవరమ్మ పడవలో పెట్టేవారు. పిల్లి అనేవారు కాదు. "ఆవలి సరుకు" అనేవారు. ఆ మాట అని, వెనక్కి తిరిగి చూడకుండా ఇంటికెళ్ళి స్నానం చేసేవారు.

ఆ సరుకేంటో గవరమ్మ అడగకూడదు. ఎవరిచ్చారో ఎప్పటికీ నోట రాకూడదు. వస్తే ఆ పాపం తిరిగి ఆ గడపకే వచ్చి, ఆ ఇంట్లో చిన్న ప్రాణాన్ని పట్టుకుంటుందని నమ్మకం. అందుకే గెడ పట్టిన మొదటిరోజునే రెండూళ్ళ పెద్దలూ ఆమె దోసిట్లో ఏటి నీళ్ళు పోసి ఒట్టు వేయించుకున్నారు. గవరమ్మ ఆ ఒట్టుని గట్టిగా నమ్మింది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ అవసరమొస్తుంది.

నడి ఏట్లో గవరమ్మ ఆ గోతాన్ని జారవిడుస్తుందని మొగలిరేవు వాళ్ళ నమ్మకం. దబ్బపాడు వాళ్ళ నమ్మకమూ అదే. ఎవరూ చూసింది లేదు. అయినా ఆమెకి "పిల్లిపాపం గవరమ్మ" అని పేరు పెట్టారు. ఆమె ఎదురొస్తే పక్కకి తప్పుకునేవారు. పెళ్ళికి పిలిచేవారు కాదు, పురుడొచ్చిన ఇంటి ఛాయలకి రానిచ్చేవారు కాదు. గోతాం కట్టింది మీరు, పాపం మాత్రం ఆమెదా? నాకు ఇక్కడికొచ్చేసరికి ఒళ్ళు మండుతుంది. ఒక గుక్క మంచినీళ్ళివ్వండి.

నడి ఏట్లో నిజంగా జరిగేదేంటో చెబుతాను. ఆ సరుకుతో ఒంటరిగా బయల్దేరి, ఒడ్డు కనుమరుగయ్యాక గవరమ్మ గెడ పక్కన పెట్టి గోతాం మూతి విప్పేది. లోపల ప్రాణి బిక్కచచ్చి ఉండేది. దాన్ని ఒళ్ళోకి తీసుకుని, కొంగుతో తుడిచి, చద్దన్నంలోంచి చేపముక్క పెట్టేది. తర్వాత ఆవలి ఒడ్డున దానికో ఇల్లు చూసేది. మొగలిరేవు పిల్లులకి దబ్బపాడులో ఇళ్ళు, దబ్బపాడు పిల్లులకి మొగలిరేవులో ఇళ్ళు. పాలు దొంగిలించే పిల్లిని పాడి లేని ఇంట్లో ఇచ్చేది. ఎదురొచ్చే పిల్లిని, గడప దాటని ముసలమ్మ దగ్గర పెట్టేది. దుడుకు పిల్లిని గాదెల ఇంటికి ఇచ్చేది, ఎలకలతో దాని తంటా అది పడుతుందని.

మరి పిల్లుల్ని చంపే మనిషి దగ్గర పిల్లిని తీసుకుంటారా అని మీరడగాలి. అడగలేదు, నేనే చెబుతాను. తీసుకునేవారు. దొంగతనంగా తీసుకునేవారు. ఎలకలు ధాన్యం బొక్కేస్తుంటే పాపం గుర్తుంటుందా ఎవడికైనా? తెల్లారకముందే రేవుకొచ్చి, అటూ ఇటూ చూసి, ఆవలి ఒడ్డు నుంచి మంచి పిల్లినొకదాన్ని తెచ్చిపెట్టవే అని గుసగుసలాడేవారు. పక్కింటికి తెలిస్తే పరువు తక్కువ. పుట్టింటి పిల్లి అనో, సంతలో దొరికిందనో చెప్పుకునేవారు.

గవరమ్మ పిల్లినిచ్చేటప్పుడు మూడు మాటలు తీసుకునేది. ఒకటి, దీన్ని గోతాంలో తీసుకెళ్ళకండి, చేతుల్లో తీసుకెళ్ళండి. రెండు, మొదటిరోజు మీరు తినే ముందు దీనికొక ముద్ద పెట్టండి. మూడు, నేను పోయినప్పుడు దీన్ని ఒక్కసారి తెచ్చి నాకు చూపించండి, ఈ మాట ఎవరికీ చెప్పకండి. తీసుకున్నవాళ్ళందరూ ఆ మూడు మాటలూ ఇచ్చారు. తమ ఒక్కరినే అడిగిందని ఎవరికి వారు అనుకున్నారు.

మొగలిరేవుకి పెద్ద సన్యాసినాయుడు. మాట కటువు, మనసు చెడ్డది కాదు. ఆయన భార్య అచ్చియ్యమ్మ. లేకలేక పుట్టిన కూతురు ముత్యాలు, పాలపళ్ళు ఊడుతున్న వయసు. ఆ పిల్లకొక పిల్లి. చింతపిక్క రంగులో నున్నగా ఉండేదని దానికి చింతపిక్క అని పేరు పెట్టింది. కుడి చెవి కొన చీలి ఉండేది. ఆ పిల్ల గురివింద గింజలు గుచ్చి దాని మెడకి దండ కట్టింది. తింటే ఇద్దరూ తినాలి, పడుకుంటే ఇద్దరూ పడుకోవాలి.

ఒకరోజు ముత్యాలుకి జ్వరం తగిలింది. చింతపిక్క వెళ్ళి పిల్ల గుండెల మీద పడుకుంది, దానికి తెలిసిన వైద్యం అదే మరి. చూడవచ్చిన అమ్మలక్కలు బుగ్గలు నొక్కుకున్నారు. పిల్లి పసిదాని ఊపిరి తాగేస్తోందన్నారు. ఒకరు కాదు, ముగ్గురు అన్నారు. నాయుడు భయపడ్డాడు. పిల్ల నిద్రలో ఉండగా పిల్లిని తన చేతుల్తోనే గోతాంలో వేసి, తన చేతుల్తోనే మూతి కట్టి, రేవుకి తెచ్చి పడవలో పెట్టాడు.

"ఆవలి సరుకు" అన్నాడు. ఇంటికెళ్ళి స్నానం చేశాడు.

పిల్ల లేచింది. చింతపిక్క ఏదమ్మా అంది. వస్తుందమ్మా అన్నారు. మళ్ళీ లేచింది, చింతపిక్క ఏదీ అంది. వస్తుందమ్మా అన్నారు. మూడోసారి లేచి ఏమీ అడగలేదు. పెదవి తడపలేదు, గంజి ముట్టలేదు, గోడవైపు తిరిగి పడుకుంది. వైద్యుడు నాడి చూసి, పిల్ల ఏదో ఒకటి తింటే గాని లాభం లేదని చెప్పి లేచిపోయాడు.

ఈ మాట పడవలో ఆడవాళ్ళు అనుకుంటుంటే గవరమ్మ విన్నది. గెడ ఆగిపోయింది. ఏమైందే, తొయ్యవే అని వాళ్ళు కసిరితే గాని మళ్ళీ కదల్లేదు.

మర్నాడు పొద్దున్నే గవరమ్మ నాయుడిగారి వాకిట్లో ఉంది. చంకలో మూతబుట్ట, మూత మీద గుడ్డ. పాలేరు చూసి అదిలించాడు. జ్వరం పిల్ల ఉన్న ఇంటికి ఈ మనిషా అన్నాడు. వెళ్ళిపోయింది. మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. చంకలో అదే బుట్ట. చూడవచ్చిన అమ్మలక్కలు చీపురెత్తారు. వెళ్ళిపోయింది. పొద్దు వాలే వేళకి మూడోసారి వచ్చింది. ఈసారి నాయుడే అరుగు దిగి వచ్చాడు.

"నాయుడుబాబూ, పాపని ఒక్కసారి చూడనియ్యండి" అంది గవరమ్మ.

"నీ కన్ను పడితే నా పిల్ల బతుకుతుందా? పో" అన్నాడు నాయుడు.

"ఒక్కసారి బాబూ. గడప దాటను. బుట్ట లోపల పెట్టి పోతాను."

"పిల్లుల్ని చంపిన చేత్తో నా ఇంట్లో ఏం పెడతావే?"

గవరమ్మ నోరు తెరిచింది, మూసుకుంది. నాయుడు వాకిట్లో పేడనీళ్ళు కొట్టించి తలుపు వేయించాడు. ఆమె కాసేపు అక్కడే నిలబడి, బుట్ట గుండెకి హత్తుకుని రేవుకి నడిచింది. బుట్టలో ఏముందని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. మీరూ ఇప్పుడే అడగకండి.

తెల్లారేసరికి ముత్యాలు లేదు.

ఊరు గొల్లుమంది. గవరమ్మ నీడ పడబట్టే పిల్ల పోయిందని అన్నారు. మూడుసార్లు వచ్చింది, మూడోసారికి ప్రాణం ఎత్తుకుపోయింది అన్నారు. నాయుడు ఆనాటి నుంచి ఆమె పడవెక్కలేదు. ఆవలి ఒడ్డున పని పడితే ఎగువకి వెళ్ళి ఈదేవాడు గాని ఆమె మొహం చూడలేదు.

అచ్చియ్యమ్మ కొన్నాళ్ళు పిచ్చిదానిలా తిరిగింది. ఒక పొద్దుటిపూట రేవులో ఒంటరిగా కూచుని ఉంటే గవరమ్మ వచ్చి, మాటా పలుకూ లేకుండా ఆమె ఒళ్ళో ఒక పిల్లికూన పెట్టింది. తెల్లది, నల్ల చెవులది, అరచేతిలో పట్టేంత. అచ్చియ్యమ్మ విదిలించబోయింది, చెయ్యి రాలేదు. ఆ కూన చీర కుచ్చెళ్ళలో దూరి పడుకుంది. అచ్చియ్యమ్మ అప్పుడు ఏడిచింది, పిల్ల పోయాక మొదటిసారి. గవరమ్మ మూడు మాటలూ తీసుకుని పంపింది. పుట్టింటి నుంచి వచ్చిందని అచ్చియ్యమ్మ ఇంట్లో చెప్పుకుంది. ఆ తెల్లపిల్లి నాయుడి మంచం మీదే పెరిగింది, ఆయన పళ్ళెంలోంచే తింది.

ఏళ్ళు గడిచాయి. గవరమ్మ నడుము వంగింది. ఒక పొద్దున్న పడవ ఈ ఒడ్డునే ఉండిపోయింది. ఎవరో వెళ్ళి చూస్తే గెడ పట్టుకుని కూచున్నది కూచున్నట్టే ఉంది, ప్రాణం లేదు.

శవాన్ని ఇసక మీద పడుకోబెట్టారు. ఎవరో దయ తలచి పాడె కట్టారు. ఎత్తేదెవరు? నాయుడు రేవుకొచ్చి చేతికర్ర ఇసకలో గుచ్చాడు.

"ఈ మనిషి ఎన్ని ప్రాణాలు ముంచిందో ఈ ఏటికే తెలుసు. నా ఊరి భుజం ఒక్కటి కూడా ఈ పాడె కింద పెట్టడానికి వీల్లేదు" అన్నాడు.

ఎవరూ ముందుకు రాలేదు. ఎవరూ ఇంటికీ పోలేదు. ఇదే వింత. పొద్దు పైకొస్తోంది, ఇసక కాలుతోంది, జనం పెరుగుతున్నారే గాని తగ్గడం లేదు. ఆవలి ఒడ్డు వాళ్ళకీ కబురు తెలిసి చేపలు పట్టే తాటిదోనెల మీద వస్తున్నారు. చిత్రమేంటంటే వచ్చిన ప్రతి మనిషి చేతిలోనూ ఒక మూతబుట్ట. ఒకడు కండువా కింద దాచుకున్నాడు, ఒకామె కొంగు కింద దాచుకుంది. ఒకరి బుట్ట ఒకరు చూస్తున్నారు, మొహాలు తిప్పుకుంటున్నారు.

అంతలో ఒక బుట్టలోంచి మ్యావ్ అని వినబడింది.

నాయుడు ఉలిక్కిపడ్డాడు. ఎవరిదన్నాడు. ఇంకో బుట్టలోంచి మ్యావ్. అది ఈ ఒడ్డున గానుగ ఆడే తెలికల అప్పన్న బుట్ట. అప్పన్న సిగ్గుపడుతూ మూత తీసి మొండితోక పిల్లినొకదాన్ని పైకెత్తాడు. ముసలమ్మకి మాటిచ్చానయ్యా, పోయినప్పుడు ఒకసారి చూపిస్తానని, అందుకే తెచ్చానని గొణిగాడు. అప్పన్న మాట పూర్తవలేదు, ఆ ఒడ్డు నుంచి వచ్చిన ఒక రైతు గుండె మీద చెయ్యేసుకున్నాడు. ఆ మొండితోక తనదన్నాడు. తన చేత్తో గోతాంలో కట్టి పంపిన పిల్లి, తొమ్మిదేళ్ళుగా ఏట్లో కలిసిపోయిందనుకున్న పిల్లి, లావుగా, నున్నగా అప్పన్న చేతుల్లోంచి అతన్ని చూస్తోంది.

ఇక చూడండి. ఒక మూత లేచింది, పది మూతలు లేచాయి, రేవు రేవంతా మూతలు లేచాయి. ఈ ఒడ్డు వాళ్ళు పారేసినవి ఆ ఒడ్డు వాళ్ళ చేతుల్లో, ఆ ఒడ్డు వాళ్ళు పారేసినవి ఈ ఒడ్డు వాళ్ళ చేతుల్లో. ఒకామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఇసకలో చతికిలబడిపోయింది. ముంచింది, ముంచింది అని ఇన్నేళ్ళు తిట్టిన నోళ్ళన్నీ అలా తెరుచుకునే ఉండిపోయాయి.

నాయుడు మాత్రం కర్ర వదల్లేదు. అప్పుడు వెనక నుంచి అచ్చియ్యమ్మ నడిచి వచ్చింది. ఆమె చేతిలోనూ బుట్ట. మూత తీసింది. లోపల నాయుడి మంచం మీద పడుకునే తెల్లపిల్లి.

"ఇది నీ పుట్టింటిది కాదా?" అన్నాడు నాయుడు.

"కాదు. ఈవిడిచ్చిందే" అంది అచ్చియ్యమ్మ.

అప్పటికే ఇంకో దోనె ఒడ్డుకి తగిలింది. దబ్బపాడు కుమ్మరి ఆదెమ్మ దిగింది. ముసలిదైపోయింది, ఆమె తెచ్చిన పిల్లీ ముసలిదైపోయింది. బుట్ట దింపి మూత తీస్తే అది మెల్లిగా బయటికొచ్చి ఇసక వాసన చూసింది. చింతపిక్క రంగు, కుడి చెవి కొన చీలిక. మెడలో రంగు వెలిసిన గురివింద దండ.

అచ్చియ్యమ్మ కెవ్వుమంది. నాయుడి చేతిలో కర్ర పడిపోయింది.

ఆదెమ్మకి ఏమీ తెలియదు పాపం. ఇది గవరమ్మ నాకిచ్చిన లచ్చి బాబూ, దండ తియ్యొద్దంది, పసిచేతులు కట్టినదంది అని చెప్పుకుపోతోంది. ఒక్కసారి మాత్రం దీన్ని మళ్ళీ అడిగి తీసుకుపోయిందట. ఆవలి ఒడ్డున ఒక పసిబిడ్డ దీనికోసం అన్నం మానేసింది, ఒక్కరోజు ఇయ్యి ఆదెమ్మా, బిడ్డ నవ్వితే అక్కడే ఉంచేస్తాను, నీకు ఇంకోటి తెస్తానని బతిమాలిందట. చీకటి పడ్డాక ఏడుస్తూ తిరిగి తెచ్చిందట.

"మూడుసార్లు వెళ్ళిందట బాబూ. లోపలికి రానియ్యలేదట. పేరెత్తి చెబితే పాపం ఆ బిడ్డకే తగులుతుందని ఒట్టుందట. చెప్పలేకపోయాను, చెప్పలేకపోయాను అని తల బాదుకుంది."

అచ్చియ్యమ్మ ఇసకలో కూలబడింది. ఆ సాయంత్రం తలుపు వేశాక పిల్ల లేచి కూచుందని చెప్పింది. అమ్మా, చింతపిక్క వచ్చింది, అరిచింది, తలుపు తియ్యవే అందట. జ్వరం మాట అనుకుని దుప్పటి కప్పి పడుకోబెట్టారట.

చింతపిక్క వెళ్ళి గవరమ్మ పాదాల దగ్గర పడుకుంది. నాయుడు దాన్ని చూశాడు, ఆమె మొహం చూశాడు. ఇన్నేళ్ళకి ఆమె మొహం చూడటం అదే.

"నేను అడగలేదు. బుట్టలో ఏముందని ఒక్క మాట అడగలేదు" అన్నాడు.

తలపాగా తీసి పక్కన పెట్టి, వెళ్ళి పాడెకి ముందువైపు భుజం పెట్టాడు. రెండో భుజం అప్పన్న, మూడోది మొండితోక పిల్లిని పారేసిన రైతు. నాలుగో కొస ఖాళీగా ఉంటే ఆదెమ్మ వచ్చి పట్టుకుంది. ఆడది పాడె మొయ్యొచ్చా అని ఆరోజు ఎవరూ అనలేదు, అనే మొహం ఎవరికీ లేదు. నలుగురే కావాలని అడిగింది కదా గవరమ్మ. ఆ నలుగురి వెనక రెండూళ్ళూ నడిచాయి, చేతుల్లో పిల్లులతో.

చింతపిక్కని ఆదెమ్మ నాయుడికే ఇచ్చేస్తానంది. ఆయన తీసుకోలేదు. ఇల్లు మరిగిన ప్రాణిని మళ్ళీ కదపకూడదన్నాడు. దాని ప్రాణం ఉన్నంతకాలం తనే పాలు పట్టుకుని ఏరు దాటి వెళ్ళి చూసి వచ్చేవాడు. ఏడ్చేవాడో లేదో నాకు తెలియదు, నేను చూడలేదు.

ఇప్పుడు ఆ ఏటి మీద వంతెన వచ్చింది. పడవ లేదు, పాక లేదు, ఇసక కూడా లారీల్లో పోయింది. అయినా ఆ రెండూళ్ళలో పిల్లిని ఎవరూ గోతాంలో కట్టరు. ఉంచుకోలేకపోతే బుట్టలో పెట్టి, మూత తీసి, వీధిలో తిరుగుతూ "ఆవలి సరుకమ్మా, ఆవలి సరుకు" అని కేకేస్తారు. ఎవరో ఒకరు వచ్చి చేతుల్లోకి తీసుకుంటారు. తీసుకున్నవాళ్ళు ఆరోజు మొదటి ముద్ద దానికి పెట్టి, ఏటివైపు తిరిగి "గవరమ్మా, దీనికి ఇల్లు దొరికింది" అని మూడుసార్లు అంటారు.

ఇంకొకటుంది. మీరెప్పుడైనా మొగలిరేవు వెళితే చూడండి. వాకిట్లోకి బుట్టతో ఎవరొచ్చినా, ముష్టిమనిషి కానీ, ముఖం చూడని శత్రువు కానీ, పొద్దున్నే పోట్లాడి వెళ్ళిన తోడికోడలు కానీ, పొమ్మనడానికి ముందు ఆ ఊరివాళ్ళు ఒక మాట అడుగుతారు. ఎంత కోపంలో ఉన్నా అడుగుతారు, చంటిపిల్లలకి మాటలొచ్చీరాగానే నేర్పుతారు.

"బుట్టలో ఏముందమ్మా?"

కథ ఒడ్డు చేరింది, దిగండి. దిగే ముందు, ఆ తలుపు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు చాలాసేపటి నుంచి. ఏం కావాలో అడగండి.